బండ మీద మూరెడు మన్ను

నంద్యాల వైపు వెళ్లొచ్చానని తెలియగానే మా అంబాజీపేటలో అందరూ వరసగా అడిగారు. మహానంది ప్రసాదం ఏదీ? అహోబిలం కొండెక్కారా? యాగంటిలో స్నానం చేశారా? ఏదీ లేదంటే నా వైపు జాలిగా చూశారు. మరి అన్ని రోజులూ ఏం చూశారండీ అంటే, మట్టి చూశానని చెప్పాను. మట్టి చూడ్డానికి పెట్రోలు కొట్టించుకుని రాష్ట్రం ఆ చివరికి వెళ్లిన మనిషి మా వంశంలో లేడు, మా మండలంలోనూ ఉండి ఉండడు. అందుకని ముందే చెబుతున్నాను. గుళ్ల సంగతి కావలసినవాళ్లు ఈ పేజీ దగ్గరే దిగిపోవచ్చు. మట్టి చూడాలనుకునేవాళ్లు కాస్త సర్దుకుని కూచోండి.

నేను కొబ్బరికాయల వ్యాపారిని. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. మానేసినందుకు మా మాస్టార్లెవరూ వెతుక్కుంటూ రాలేదు. నా వంతు చదువు కూడా కలిపి మా అక్క కూతురు ప్రసన్న చదివేసింది. హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. రాయి మట్టిగా ఎలా మారుతుంది, ఎంత కాలానికి మారుతుంది అన్నది దాని విషయం. "రాయి మట్టయ్యేదాకా కాపలా కూచునే ఉద్యోగమా అమ్మడూ?" అని ఏడిపిస్తూ ఉంటాను. మొన్న వేసవి మొదట్లో ఫోన్ చేసి, "మావయ్యా, నంద్యాల వైపు వెళ్లాలి, కారు తీస్తావా? నాకు భయంగా ఉంది," అంది. ఏడిపించడం ఆపి కారు తీశాను.

నల్లమల మలుపుల్లో పాఠం

విజయవాడలో ప్రసన్నను ఎక్కించుకున్నాను. మార్కాపురం దాటి గిద్దలూరు వచ్చేవరకూ అది సరిగా మాట్లాడలేదు. నల్లమల మలుపులు మొదలయ్యాక, రోడ్డు పక్కన కొండ కోసిన చోట పొరలు పొరలుగా రాయి కనిపించాక, దానికి నోరు పెగిలింది.

"మావయ్యా, నువ్వు కాయ చేత్తో పట్టుకుని బరువు చెప్పేస్తావు కదా. పైకి రెండూ ఒకలాగే ఉన్నా తేడా తెలుస్తుందా?"

"తెలియకపోతే నా పిల్లలు తినేదేమిటి?"

"రాళ్లలో స్ట్రాన్షియం అని ఒక మూలకం కొద్దికొద్దిగా ఉంటుంది. దాని పరమాణువులన్నీ గుణంలో ఒకటే. బరువులోనే తేడా. కొన్ని బరువువి, కొన్ని తేలికవి. వాటినే ఐసోటోపులంటారు. ఒక్కో జాతి రాతిలో అవి ఒక్కో పాళ్లలో ఉంటాయి. రాయి చివికి మట్టయినా ఆ పాళ్లు చాలావరకు అలాగే నిలుస్తాయి. మట్టిని కొలిస్తే దాని తల్లి రాయి ఏదో తెలుస్తుంది."

"అంటే మట్టికి ఇంటిపేరు కనిపెడతావన్నమాట."

"అంతే. వయసు కనిపెట్టడానికి ఇంకొకటుంది. అది పైనుంచి పడుతుంది." స్టీరింగ్ పట్టుకునే పైకి చూశాను. "రోడ్డు చూడు మావయ్యా. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు గాలిని కొడితే బెరీలియంలో ఒక రకం పుడుతుంది. వానతో దిగి మట్టిని పట్టుకుంటుంది. మట్టి ఎంత కాలం ఆకాశాన్ని చూస్తే అంత చేరుతుంది, అటక మీద సామాను మీద దుమ్ములాగా. దాన్ని కొలిచి, రాయి ఎంత నెమ్మదిగా మట్టవుతోందో లెక్క కడతాం. గోరు మందం మట్టి కావాలంటే కొన్ని చోట్ల మనిషి జీవితం చాలదు."

ఈసారి ఏడిపించకుండా విన్నాను. అది నాకు అలవాటు లేని పని. రెండు వైపులా కొండలు ఎండలో కదలకుండా నిలబడి ఉన్నాయి. నిలబడి ఉన్నాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. అవి కూడా చప్పుడు లేకుండా వెళ్లిపోతూనే ఉన్నాయట. ఎప్పుడో కురిసిన వాన తాలూకు దుమ్మును మోసుకుంటూ, గోరంత గోరంతగా దిగిపోతూ. నేను లారీ నిండడానికి అరగంట ఆలస్యమైతే కూలీల మీద అరిచే మనిషిని. నాకు సిగ్గేసింది.

దిగువకు వచ్చాక అసలు భయం చెప్పింది. నిరుడు సంజామల వైపు ఒక అరెకరం పొలంలో గొయ్యి తీసి, పైనుంచి కింది బండ దాకా పిడికెడు పిడికెడుగా మట్టి సంచుల్లో తీసుకెళ్లిందట. కింద నాపరాయి, అంటే సున్నపురాయి. పైన మట్టి దాని బిడ్డే అయ్యుండాలి. కొలిస్తే కాదని తేలింది. మూరెడు మందాన వేరే ఏదో రాతి పాళ్లు. అడుగున ఇటూ కాదు, అటూ కాదు.

"గాలో వాగో తెచ్చిందనుకుంటే పక్క పొలంలోనూ కనపడాలి కదా. పక్క పొలం మట్టి చక్కగా కింది రాతితో కలిసింది. బయటి మట్టి ఏమన్నా తోలారా అని రైతునీ అడిగాను. లేదన్నాడు."

"మరి మీ ప్రొఫెసర్ ఏమంటాడు?"

"సంచులు మార్చేశావంటున్నారు. కారణం తేల్చకపోతే ఆ వారం తీసినవన్నీ పక్కన పెట్టేయమన్నారు. అవి పోతే నా పని సగం పోయినట్టే. మళ్లీ మొదలుపెట్టడానికి గడువు లేదు."

"మార్చావా?"

కిటికీ వైపు తిరిగింది. "ఆ రోజు నాకు జ్వరం మావయ్యా. మార్చలేదనే నా నమ్మకం. కానీ ఒట్టు వేయలేను."

నంద్యాలలో ఉగ్గాని

నంద్యాలలో పొద్దున్నే బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో కూచున్నాం. మేము మరమరాలనే వాటిని వీళ్లు బొరుగులంటారు. మేము వాటిని పిల్లల చేతిలో పోసి ఆడుకోమంటాం. వీళ్లు నీళ్లలో తడిపి పిండి, ఉల్లిపాయ, పప్పుల పొడి, తాలింపు వేసి ఉగ్గాని అని పెద్దవాళ్లకు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ. బజ్జీలో మిరపకాయ గింజలు తీయరు. ఆ సంగతి ఎవరూ చెప్పరు, మిరపకాయే చెబుతుంది. ప్లేటు ముప్పై రూపాయలు. నేను తాగిన నీళ్ల ఖరీదు వేస్తే హోటలుకే నష్టం.

హోటలాయన నా కళ్లనీళ్లు చూసి వచ్చాడు. "యాడోళ్లప్పా మీరు?"

"కోనసీమండి. అంబాజీపేటండి."

"అండీ అండీ అంటాండావే, నేనేమన్నా కలెక్టర్నా? ఏం పని మీద వచ్చినారు?"

"మట్టి చూడ్డానికండి."

ఆయన చెంబు కింద పెట్టాడు. "మీ కాడ మన్ను లేదా?"

"ఉందండి. మాకు ఎంత తవ్వినా మట్టే. రాయే లేదు."

"మాకు యాడ తవ్వినా రాయే," అని ప్రసన్న వైపు తిరిగి, "పాపా, కొంచెం అటుదిటు మార్పిచ్చే సదువేమన్నా ఉంటే సదువు," అన్నాడు. కారెక్కాక మొదటిసారి ఆ పిల్ల నవ్వింది.

తాళం మింగిన నేల

పొలం ఉన్న పల్లె పేరు రాయను, అక్కడి మనుషుల పేర్లూ మార్చాను. ఎందుకో మీకే తెలుస్తుంది. అక్కడికి చేరేసరికి శనగ కోత అయిపోయి నేల ఖాళీగా ఉంది. నల్లరేగడి ఎండకు ఎలా పగులుతుందో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. అరచెయ్యి దూరేంత సందులు, ఇటు నుంచి అటు దాకా, ఎవరో నేలను పలకలుగా కోసి సర్దినట్టు. నేను వంగి ఒక పగులులోకి చూస్తుంటే జేబులోంచి కారు తాళం జారింది. అడుగున ఎక్కడో రాతి మీద పడ్డ చప్పుడు వినిపించింది.

అప్పుడే పొలం యజమాని వచ్చాడు. దేవదానం అని, యాభై దాటిన మనిషి, పొట్టి మాట, పొడుగు కాళ్లు. సందులోకి తొంగిచూశాడు.

"మా నేల ఏమన్నా మింగితే వానొచ్చేదాంక కక్కదన్నా."

"వానెప్పుడొస్తుంది?"

"అది తెలిస్తే నేనీడ ఎందుకుంటా?" అని ఇంటికి మనిషిని పంపి తీగె తెప్పించి, కొన వంచి, గొంతుక్కూచుని గాలం వేశాడు. "మీ కోనసీమలో చేపలు పడ్తారంట గదా. మేం తాళాలు పడ్తాం." రెండుసార్లు జారి మూడోసారి తాళం పైకొచ్చింది. తాళం కొనకు తెల్లటి సుద్ద అంటుకుని ఉంది. నల్ల నేల అడుగున తెల్ల బండ ఉందన్న సంగతి నేను మొదట చూసింది నా తాళం మీదే.

ప్రసన్న పాత గొయ్యి పక్కనే కొత్త గొయ్యి తీయించింది. మూరెడు లోతున పలుగు ఠంగుమంది. తాజా రాయి కావాలని ఉలి పెట్టి కొడితే ఉలి మొన విరిగింది, రాయి మాత్రం అలాగే ఉంది. చెమట తుడుచుకుంటూ మళ్లీ అడిగింది. "దేవదానంగారూ, ఇందులో ఎప్పుడన్నా, ఎవరన్నా బయటి మట్టి తోలారాండీ?"

"పోయినసారే చెప్తి గదా మేడమా. ఎవురూ ఏం తోల్లా. దేవుడిచ్చిన మన్ను ఇది." అని పలుగు భుజాన వేసుకుని, మా వైపు చూడకుండా గట్టు దిగిపోయాడు.

ఆళ్లగడ్డలో దేవుళ్ల మధ్య

మా బస ఆళ్లగడ్డలో. విరిగిన ఉలి కూడా అక్కడే బాగవుతుందని దేవదానమే చెప్పాడు. ఊళ్లో శిల్పాలు చెక్కే షెడ్ల వరస ఉంది. సగం పుట్టిన దేవుళ్లు రోడ్డు పక్కనే నిలబడి ఉంటారు. ఒకాయనకు ముఖం ఉంది, కాళ్లు ఇంకా రాతిలోనే ఉన్నాయి. ఒకావిడకు నాలుగు చేతులూ వచ్చాయి, కళ్లు రాలేదు. మా ఊళ్లో దేవుణ్ని పూర్తయ్యాకే చూస్తాం కాబట్టి పొగరుగా ఉంటాడు. ఇక్కడ రాతిపొడి మెడదాకా పూసుకుని, పక్కనే టీ గ్లాసు పెట్టుకుని, మనలాగే పని అయ్యేదాకా ఓపిక పడుతూ ఉంటాడు.

ఉలి కొలిమిలో పెట్టిన శిల్పి సుత్తితో ఒక నల్లరాతిని రెండు చోట్ల తట్టాడు. ఒకచోట గంటలాగా మోగింది. ఇంకోచోట తడి గోడను కొట్టినట్టు వినిపించింది.

"ఇది బతికినరాయి, ఇది సచ్చినరాయి," అన్నాడు. "ఎండకూ వానకూ ఉండి ఉండి పైతోలు సస్తాది. అది తీసేసినాంకనే దేవుడు."

ప్రసన్న ఆ చచ్చిన పొర దగ్గర కూలబడింది. గోరుతో గీకితే పొడి రాలింది. "మావయ్యా, ఇదే! మట్టి అవడం ఇక్కడ మొదలవుతుంది. వాన నీళ్లు లోపలికి దిగి ఒక్కొక్కటే విడదీసుకుంటూ వస్తాయి." ప్రసన్న పాఠం చెబుతుంటే శిల్పి నా వైపు వంగి, "మేం పారేసేదానికి ఈ పాప దండం పెడ్తాండాదే," అన్నాడు. ఉలి పదునుకు యాభై తీసుకున్నాడు. చిన్న వినాయకుడి ధర అడిగి నోరు మూసుకున్నాను.

రొట్టె ముందు నిజం

శనివారం మధ్యాహ్నం దేవదానం భోజనానికి పిలిచాడు. ఇల్లు చూసి నాకు మతిపోయింది. గోడ నాపరాయి, కప్పు నాపరాయి, అరుగు నాపరాయి, బట్టలుతికేది నాపరాయి, చివరికి కంచె కూడా నిలువుగా పాతిన నాపరాతి పలకలే. మాకు కొబ్బరిచెట్టు ఎలాగో వీళ్లకు నాపరాయి అలాగ. ఎండలోంచి లోపలికి రాగానే చల్లగా ఒళ్లు జల్లుమంది.

జొన్నరొట్టెలు, గోంగూర పప్పు, వేరుశనగ గింజలతో నూరిన ఊరిబిండి. నేను పెద్ద ముక్క తుంచి నోట్లో పెట్టుకునేసరికి అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. దేవదానం ప్రార్థన చేస్తున్నాడు. నమలాలా, మింగాలా, బయటికి తీయాలా తెలియక దవడ బిగించి కూచున్నాను. ప్రార్థన ఊరిబిండి కారం కన్నా కాస్త పొడుగ్గా సాగింది. ఆమెన్ అని అందరికన్నా గట్టిగా అన్నది నేనే.

గోడ పక్కన మంచం మీద దేవదానం తల్లి సువార్తమ్మ కూచుని ఉంది. బాగా పండిన మనిషి. చూపు తగ్గింది గానీ చెవులు పోలేదు.

"పాప తినడంల్యా," అన్నాడు దేవదానం. "ఏందన్నా, మా రొట్టె గొంతు దిగడంల్యా?"

"రొట్టె కాదు, మీ పొలం మట్టి దిగట్లేదు దానికి," అని నేను మొత్తం చెప్పాను. పాళ్లు కలవకపోవడం, సంచులు మార్చావని ప్రొఫెసర్ అనడం, దీని సగం పని గాలిలో వేలాడ్డం. ప్రసన్న వద్దు మావయ్యా అంటూనే ఉంది. నోరు ఆపుకోవడం నేర్పే క్లాసు బహుశా తొమ్మిదో తరగతిలో ఉండేదేమో.

దేవదానం చెయ్యి రొట్టె మీదే ఆగిపోయింది. "అంటే పాప దొంగలెక్క రాసిందంటాండారా?"

"దొంగ అనలేదు. మతిలేక మార్చేసిందంటున్నారు."

మంచం మీంచి సువార్తమ్మ గొంతు వచ్చింది. "ఒరే దేవదానం. చెప్పు."

"నువ్వూరుకో అమ్మా."

"ఆ పాప తప్పేముందిరా? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

దేవదానం చెయ్యి కడుక్కుని వచ్చి కూచున్నాడు. "ఆ మన్ను చెర్వుది మేడమా. మా నాయనా, మా యమ్మా తోలినారు."

"మరి నిరుడు అడిగితే, మొన్న అడిగితే లేదన్నారు కదండీ," అంది ప్రసన్న.

"యాట్ల చెప్పల్ల? మీరు కారు దిగి, సంచుల మీద నంబర్లేసుకుంటాంటే ఆఫీసోళ్లనుకుంటి. చెర్వు మన్ను సర్కారుది. మా నాయన ఎవుర్నీ అడిగి తోల్లా. మీరు రాసుకొని పోయి, రేపెవురన్నా నోటీసు పంపిస్తే?"

"నోటీసు పంపి ఏం చేస్తారయ్యా?" అన్నాను. "లారీలు పెట్టి మళ్లీ చెరువులో పోయిస్తారా?"

"నీకేమన్నా. నీ మన్ను గోదారి తెచ్చిచ్చింది. ఏటి మీద ఎవురు కేసు పెడ్తారు?"

చెంబెత్తి నీళ్లు తాగాను. ఇన్నేళ్లూ మా నేల మా గొప్పే అనుకుంటున్నాను. అదీ ఎక్కడిదో కొండ రాలితే ఏరు మోసుకొచ్చి గుమ్మంలో పోసిందే. మేము మోయలేదు, అంతే తేడా.

సువార్తమ్మ చెప్పడం మొదలుపెట్టింది. పట్టా ఇచ్చినప్పుడు అది పొలం కాదట. "కోడి గీకితే బండ తగుల్తాండె. ఊర్లో నవ్వినారు, పడుకోనీకి బాగుంటాదిలే సువార్తా అని." చెరువు ఎండాక మొదలుపెడితే వానలొచ్చేదాకా, కూలికి పోయొచ్చి, మిగిలిన పొద్దులో ఇద్దరూ మన్ను తోలేవాళ్లు. మొదట గంపలతో తల మీద. తర్వాత ఒక ముసలి ఎద్దుల బండి దొరికింది. "ఆయప్ప తవ్వుతాండె, నేను ఎత్తుకుంటాంటి. వీడు పుట్నాప్పుటికి సగం బండ మూసినాం."

"ఎన్ని వేసవులు తోలారవ్వా?" అని అడిగింది ప్రసన్న.

"లెక్కెవురు పెట్టుకుండ్రి పాపా. మోకాళ్లకు తెల్సు."

అప్పుడు మా పిల్ల రొట్టె తుంచింది. రెండు తిని మూడోది అడిగింది.

చెరువు, రాళ్ల కుప్ప

భోజనం అయ్యాక చెరువుకు వెళ్లాం. సగం ఎండి, నడుమ నీళ్లలో గేదెలు ముక్కులు పైకి పెట్టుకుని ఉన్నాయి. దూరంగా ఎర్రమల కొండలు. వాగులు అక్కడి నుంచే దిగుతాయి. ఆ కొండల రాయి వేరు, ఈ పొలం కింద రాయి వేరు. ప్రసన్న చెరువు అడుగు మన్ను సంచుల్లోకి తీస్తూ ఒకసారి కొండ వైపు, ఒకసారి ఊరి వైపు చూసింది. నేనూ చూశాను. కొండ వాన చేత చెరువు దాకా నడిచింది. చెరువు నుంచి పొలం దాకా ఒక ఆడమనిషి తల మీద నడిచింది. ఆ నడకంతా సంచిలో పిడికెడు మట్టి పట్టుకుంటే తెలిసిపోతుందని ఎవడు అనుకుంటాడు?

కానీ ప్రసన్నకు ఇంకా తీరలేదు. "పైది చెరువుదని దీంతో తేలుతుంది. అడుగున కలగాపులగం అయిపోయింది, పగుళ్లలోంచి పైమట్టి జారి కలిసిపోయింది. ఈ పొలంలో రాయి తనంతట తాను చేసుకున్న మట్టి ఎక్కడో ఒకచోట కలవకుండా దొరికితే, నా సంచులు మారలేదని ఎవరూ కాదనలేరు." నాలుగడుగులు నడిచి ఆగింది. "దేవదానంగారూ, మన్ను తోలకముందు పొలంలో రాళ్లు ఏరారా?"

"ఏరకుంటే యాట్ల? ముందు రాళ్లేరి మూలకు కుప్పేసినారు. ఆమీట మన్ను."

"ఆ కుప్ప ఉందా?"

"ఆణ్ణే ఉండాది, పాముల పుట్ట మాదిరి."

ప్రసన్న పరుగెత్తింది. పొలం మూల కంపచెట్లు కప్పుకుని నడుమెత్తు రాళ్ల కుప్ప. దేవదానం ఎండ వైపు చూశాడు. "బేగా చెయ్యల్ల. రేపు ఆదివారం, మేం పలుగు ముట్టం." ఇద్దరు దాయాదులను కేకేశాడు. నాపరాతి ముక్కలు చూడ్డానికి పలకల్లా ఉంటాయి, ఎత్తితే బీరువాల్లా ఉంటాయి. నేను మూడో రాయి ఎత్తగానే కింద తేలు తోక లేపింది. నేను ఎగిరిన ఎత్తు చూసి దాయాదుల్లో ఒకాయన, "అన్న గాల్లోనే ఉండాడు, దిగినాంక చెప్పండప్పా," అన్నాడు. ఆ తర్వాత నన్ను నీళ్లు అందించే పనికి మార్చారు. గౌరవంగానే.

కుప్ప సగం తొలగేసరికి దేవదానం నన్ను పంపి తల్లిని కారులో రప్పించాడు. తీసుకురాకపోతే మాత్రం ఆవిడ ఊరుకుంటుందా? నా పక్క సీట్లో కూచుని, "ఈ బండికి చప్పుడు లేదే, ఎద్దులు యాడ కట్టినావు?" అని ఏడిపిస్తూ వచ్చింది. నన్ను ఏడిపించే మనిషి దొరకడం అరుదు.

చివరి రాళ్లు తీశారు. ప్రసన్న మోకాళ్ల మీద కూచుని, చిన్న తాపీతో అంచు నిలువుగా కోసింది. పైన బూడిదరంగు కలిసిన మట్టి, దాని కింద తెల్లగా చివికిన పొర, దాని కింద బండ. మట్టి మందం ఎంతో కొలవడానికి చెయ్యి పెట్టింది. నాలుగు వేళ్లు. అంతే.

పక్కనే పొలం అంచు. అక్కడ మూరెడు నల్లమన్ను. ఇక్కడ నాలుగు వేళ్లు.

సువార్తమ్మ వంగి తడిమింది. "ఇదే," అంది. "ఇంతే ఉండె."

"అవ్వా, ఈ నాలుగు వేళ్లు కావడానికి ఈ రాయికి ఎంతకాలం పట్టిందో తెలుసా?" అంది ప్రసన్న. "ఈ ఊరు లేదు. ఆ చెరువు లేదు. ఇక్కడ దున్నేవాళ్లే లేరు. అప్పటినుంచీ వాన పడుతూ, కరుగుతూ, కరుగుతూ చేసింది."

ముసలావిడ చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. "దానికేం పాపా, నిదానంగా చేసుకుంటాది. పిల్లలా, జెల్లలా?"

అందరూ నవ్వారు. నేను మాత్రం వెంటనే నవ్వలేకపోయాను. ఒక వైపు లెక్కకందని కాలం, ఒక వైపు రెండు జతల చేతులు. రెండూ నా చెప్పుల ముందు పక్కపక్కనే ఉన్నాయి. ఎటు ముందు చూడాలో తెలియలేదు. చెప్పులు మాత్రం విప్పాను.

సంచులు కట్టాక ప్రసన్న అడిగింది. "దేవదానంగారూ, ఇదంతా నేను రాయాలి. చెరువు మన్ను అని రాయకపోతే నా పని నిలవదు. ఊరి పేరు, మీ పేరు రాయను. మీరు వద్దంటే మాత్రం రాయను."

దేవదానం వంగి కాళ్ల దగ్గర మన్నుగడ్డ ఒకటి తీసి నలిపాడు. అతని భయం అబద్ధం కాదు. ఆ అరెకరమే అతని బతుకు. ఇటు మా పిల్ల సంచులు కిందే పెట్టి నిలబడింది. అతను వద్దంటే తిరిగి వెళ్లిపోతుందని నాకు తెలుసు.

"రాసుకోనీరా," అంది సువార్తమ్మ. "అడిగేటోళ్లు ఎవురన్నా వస్తే నా కాడికి పంపు. నాకూ పొద్దు పోవల్ల."

"అయితే రాసుకోండి," అన్నాడు దేవదానం. "మా నాయన దొంగతనం చేసినట్ల మాత్రం రాయొద్దండి."

"చేసినట్టే రాస్తాను," అంది ప్రసన్న. "పొలం చేసినట్టు."

ఫోన్‌లో

కొలతలు రావడానికి వానాకాలమంతా పట్టింది. ఈలోగా ప్రసన్న ఫోన్ మోగితే నేనే ముందు ఉలిక్కిపడేవాణ్ని. చివరికి ఒక మధ్యాహ్నం చేసింది. పైమట్టి చెరువు మన్నుతో కలిసిందట. కుప్ప కింది నాలుగు వేళ్లు బండతో కలిశాయట. నిరుటి సంచుల్లో ఒక్కటి కూడా మారలేదు. ప్రొఫెసర్ కాగితాలు రెండుసార్లు చూసి, ఆ వారం తీసినవన్నీ ఉంచమని, ఈ గొయ్యికి విడిగా ఒక అధ్యాయం రాయమని చెప్పాడట. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. నేను ఏడిపించకుండానే.

ఆ అధ్యాయానికి గొయ్యి పటం గీసి నాకూ, దేవదానానికీ పంపింది. అడుగున బండ తెలుపు, దాని మీద సన్నగా బూడిదరంగు గీత, ఆ పైన నలుపు. నలుపు పక్కన 'మనుషులు మోసి తెచ్చిన పొర' అని రాసి ఉంది. ముగ్గురం వీడియోలో కలిశాం, ప్రసన్న పటాన్ని తెర మీద పెట్టింది. దేవదానం ఫోన్‌ను తల్లి ముఖానికి దగ్గరగా పెట్టి, నల్లరంగు మీద వేలు పెట్టి చూపించాడు. ఆవిడ కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"ఇంతేనా?" అంది. "పాపా, ఇంగ కొంచెం మందంగా గియ్యి."

"కొలత ప్రకారమే గీశానవ్వా. మార్చకూడదు."

"కొలత నీది. మోసింది నేను."

ప్రసన్న కొలత మార్చలేదు. పటం మొత్తాన్ని గోడంత పెద్దది చేయించి పంపింది.